ఇంటి ఫోన్ ఉండనివ్వండి, గుడి ఫోన్ అసలే తీయకండి

ఈసారి పాఠం కాదు, ఒక అభిప్రాయం చెప్తున్నాను. మీలో కొంతమందికి నచ్చకపోవచ్చు. అయినా చెప్పాలి.

నా మాట ఇది. తెలుగు నేర్చుకునేవాళ్లు ఉన్న ఇంట్లో, సెల్‌ఫోన్లు ఎన్ని ఉన్నా, ఇంటి మొత్తానికి ఒక ఫోన్ ఉండాలి. హాల్లోనో వంటింట్లోనో ఒక కార్డ్‌లెస్ ఫోన్, దానికో ఆన్సరింగ్ మెషీన్. అది ఎవరి సొంతమూ కాదు. మోగితే దగ్గర ఉన్నవాళ్లు ఎత్తాలి. ఇక గుడిలో అయితే అలాంటి ఫోన్ తప్పనిసరి.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, మా గుడి కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఆఫీసు ఫోన్ లైను తీసేసి, వెబ్‌సైట్‌లో ఒక ఫారం పెడదాం అని. ఏం కావాలో ఫారంలో నింపితే మూడు రోజుల్లో ఈమెయిల్ వస్తుందట. ప్రతిపాదన తెచ్చినవాళ్లు మంచివాళ్లే, గుడికి నాలుగు డబ్బులు మిగల్చాలని చూస్తున్నారు. కానీ నేను ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఇంటి ఫోన్ సంగతి చెప్పాలి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. చదివింది కాన్వెంట్లో. సెకండ్ లాంగ్వేజ్ హిందీ. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లం, కానీ నాకు అక్షరాలు రావు. బస్సు మీద ఊరి పేరు చదవాలన్నా పక్కవాళ్లని అడగాలి. పెళ్లయి న్యూజెర్సీ వచ్చి, పిల్లల్ని పెంచి, యాభై దాటాక అ ఆలు దిద్దుకున్నాను. ఇప్పుడు అరవై దాటాయి. వారానికి మూడు రోజులు గుడి ఆఫీసులో వాలంటీరుగా కూర్చుంటాను. ఫోన్ నా చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది.

మా ఇంటికి మొదటి కార్డ్‌లెస్ ఫోన్ 1990ల మొదట్లో వచ్చింది. పొడుగు యాంటెనా, ఇటుకంత బరువు. అప్పటి ఫోన్లు 46, 49 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి. పక్కింటివాళ్లు పసిపిల్ల కోసం పెట్టుకున్న బేబీ మానిటర్‌లో మన మాటలు వినబడిన రోజులు కూడా ఉన్నాయి. మన తెలుగు వాళ్లకి అర్థం కాదులే అని ధైర్యం! తరువాత 900 మెగాహెర్ట్జ్ వచ్చింది, ఆ తరువాత 2.4 గిగాహెర్ట్జ్ వచ్చింది. ఆ 2.4తో ఇంకో తంటా. మైక్రోవేవ్‌లో పాలు పెడితే చాలు, ఫోన్లో బర్రుమని మోత. ఎందుకంటే రెండూ ఇంచుమించు ఒకే ఫ్రీక్వెన్సీ. 2005 తరువాత అమెరికాలో డెక్ట్ 6.0 అని 1.9 గిగాహెర్ట్జ్ ఫోన్లు వచ్చాక ఆ గొడవ తీరింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా అవే.

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. కార్డ్‌లెస్ ఫోన్ వచ్చాక మా ఇంట్లో జరిగిన అసలు మార్పు ఏమిటంటే, ఫోన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరగడం మొదలైంది. అంతకుముందు వంటింటి గోడకి ఫోన్ ఉండేది. ఇండియా నుంచి ఫోన్ వస్తే ఒక్కరే నిలబడి మాట్లాడేవారు. కార్డ్‌లెస్ వచ్చాక హారతి పళ్లెం తిప్పినట్టు తిప్పేవాళ్లం. "ఇదిగో, అమ్మమ్మతో మాట్లాడు", "ఇదిగో, మావయ్యకి నమస్కారం చెప్పు". హోంవర్క్ చేస్తున్న పిల్ల చేతిలో కూడా పెట్టేసేవాళ్లం. పారిపోవడానికి లేదు.

ఇండియాకీ మాకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. వాళ్లకి పొద్దున్న అయితే మాకు ముందు రోజు రాత్రి. అప్పట్లో మేము ఇక్కణ్ణించి చేస్తే నిమిషానికి రెండు డాలర్ల పైనే పడేది. అందుకని ఎవరు ఎత్తినా వెంటనే మాట్లాడాలి. "నాకు తెలుగు సరిగ్గా రాదు" అని నసిగేలోపు ఒక డాలరు అయిపోతుంది. మా పిల్లలకి తెలుగులో సిగ్గు పోయింది అలాగే.

ఆ ఫోన్ నేర్పిన తెలుగు ఎలాంటిదో మూడు ఉదాహరణలు చెప్తాను. మీరు నోటుపుస్తకంలో రాసుకోవచ్చు.

ఒకటి. ఫోన్లో మనిషి కనబడరు కాబట్టి ఎవరో చెప్పుకోవాలి. మా చెల్లెలు ఫోన్ చేసి మా అమ్మాయితో "నేనే, పిన్నిని" అనేది. "నేను పిన్ని" అని కాదు. చివర ఆ "ని" ఉంది చూడండి. "నేను డాక్టర్ని", "నేను మీ పక్కింటావిడని". అలాగే నువ్వు అయితే "నువ్వు మంచిదానివి", "నువ్వు పెద్దవాడివి". ఎదురుగా కూర్చున్నప్పుడు ఎవరూ "నేను పిన్నిని" అనరు, కనబడుతూనే ఉంది కదా! అందుకే మన పిల్లలకి ఇది చెవిన పడే అవకాశం తక్కువ. చాలామంది పిల్లలు ఇంగ్లీషు లెక్కన "నేను స్టూడెంట్" అని ఆపేస్తారు. ఫోన్ ఎత్తే పిల్లలకి "నేను స్టూడెంట్‌ని" అని దానంతటదే వస్తుంది.

రెండు. "నాన్నగారు ఉన్నారా?" అని అడిగితే "లేరు" అని ఊరుకోకూడదు. పెద్దవాళ్ల గురించి ఉత్తినే "లేరు" అంటే పోయారు అని కూడా అర్థం. "బయటికి వెళ్లారండీ, ఏడింటికి వస్తారు. ఏమైనా చెప్పమంటారా?" అనాలి. ఇది వ్యాకరణం పుస్తకంలో ఉండదు. ఒకసారి ఫోన్లో "లేరు" అంటే అవతల పెద్దావిడ "శుభమా అంటూ అదేం మాటమ్మా!" అంటుంది. జన్మలో మరిచిపోరు.

మూడు. ఫోన్ పెట్టేసే ముందు తెలుగువాళ్లు "ఉంటానండీ" అంటారు. నేర్చుకునేవాళ్లకి ఇది విచిత్రంగా ఉంటుంది. వెళ్లిపోతూ ఉంటాననడం ఏమిటి? ఇంటి నుంచి బయల్దేరినప్పుడు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అన్నట్టే ఇదీ. మనకి సెలవు తీసుకోవడంలో తెగిపోయే మాట ఇష్టం ఉండదు. "ఉంటాను మరి", "ఉండనా?", "సరే, ఉంటా". ఎవరితో ఏది అనాలో వినీ వినీ తెలియాలి.

ఇక ఆన్సరింగ్ మెషీన్. దానికి క్యాసెట్లు ఉన్న రోజుల నుంచి నాకు తెలుసు. మా పెద్దవాళ్లకి మొదట్లో దానితో యుద్ధమే. "ఎత్తవేమే? మాట్లాడుతున్నావు, వినవేం?" అని మెషీన్‌ని కేకలేసేవారు. కొందరు "యంత్రంతో మాట్లాడేదేమిటి" అని పెట్టేసేవారు. అలవాటు పడ్డాక మాత్రం మొదలుపెడితే ఆపరు. మెషీన్ ఒక నిమిషానికి కట్ చేసేస్తే మళ్లీ చేసి, "ఆ, ఎక్కడున్నాను?" అని సీరియల్ లాగా మూడు భాగాల్లో చెప్పేవారు.

డబ్బు ఆదా చేసే తెలివి కూడా అందరికీ ఉండేది. మెషీన్లో టోల్ సేవర్ అని ఒక మీట. కొత్త మెసేజ్ ఉంటే రెండో రింగుకి ఎత్తుతుంది, లేకపోతే నాలుగో రింగుకి. బయట నుంచి మన ఇంటికే ఫోన్ చేసి చూసుకునేటప్పుడు మూడో రింగు వినబడితే పెట్టేయొచ్చు, పైసా పడదు. మనవాళ్లకి ఇది కొత్తా? క్షేమంగా చేరామని చెప్పడానికి రెండు రింగులిచ్చి పెట్టేయడం మనకి ఎప్పటి నుంచో తెలిసిన విద్యే.

నేర్చుకునేవాళ్లకి ఈ మెషీన్ ఎందుకు మంచిదో చెప్తాను. ఎదురుగా మాట్లాడితే సగం మాట, సగం చెయ్యి ఊపడం. మెషీన్‌కి చెయ్యి ఊపితే లాభం లేదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎందుకు అన్నీ పూర్తి వాక్యాల్లో చెప్పాలి. వినేవాళ్లకి ఇంకా మంచిది. అర్థం కాకపోతే మళ్లీ నొక్కి వినొచ్చు. పదిసార్లు విన్నా పెద్దమ్మ విసుక్కోదు. నేను అక్షరాలు నేర్చుకున్నప్పుడు నా డిక్టేషన్ అదే. మా అత్తగారి మెసేజ్ వినడం, ఆపడం, రాయడం. "కొత్తావకాయ" అని ఒకే మాటలాగా వినబడితే అది "కొత్త" ప్లస్ "ఆవకాయ" అని విడదీసుకోవడం. సంధి అంటే ఏమిటో నాకు అలా తెలిసింది.

ఇప్పుడు కాలం మారింది, నాకూ తెలుసు. 2022కే అమెరికాలో పదిమంది పెద్దవాళ్లలో ఏడుగురికి పైగా సెల్‌ఫోన్ తప్ప ఇంటి ఫోన్ లేని ఇళ్లల్లో ఉన్నారని ప్రభుత్వ సర్వే చెప్పింది. అమ్మమ్మ ఫోన్ చేస్తే నేరుగా అమ్మ జేబులో మోగుతుంది. పిల్లలు ఆ పక్కనే ఉంటారు, కానీ ఆ ఫోన్ వాళ్లది కాదు. ఎత్తితే తప్పు. మా తరం పిల్లలకి బలవంతంగా దొరికిన ఆ రెండు నిమిషాల తెలుగు ఈ తరం పిల్లలకి ఎవరూ ఇవ్వడం లేదు. తరువాత మనమే ఆదివారం బడిలో చేర్పించి "ఫోన్లో మాట్లాడటం" అని పాఠం చెప్తున్నాం.

"వాట్సాప్‌లో వాయిస్ నోట్లు ఉన్నాయి కదా ఆంటీ" అంటారు మీరు. ఉన్నాయి, మంచివే, నేనూ పంపిస్తాను. కానీ అది ఒక మనిషికి వెళ్తుంది. ఆ మనిషి వింటుంది, అంతే. ఆన్సరింగ్ మెషీన్ స్పీకర్‌లో మాట్లాడుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లందరి చెవినా పడుతుంది. "విజయనగరం పెద్దమ్మ గొంతు కదా అది? ఏటమ్మా అంటోంది!" అని పిల్లలు నవ్వుకుంటారు. ఆ నవ్వులోనే తెలుస్తుంది, ఒక్కో ఊరి తెలుగు ఒక్కోలా ఉంటుందని.

"దొంగ ఫోన్లు ఎక్కువ" అంటారు. నిజమే. మా ఇంటికి వచ్చే ఫోన్లలో చాలా భాగం అవే. కానీ మెషీన్ ఉన్నది అందుకే కదా? ముందు మెషీన్‌ని ఎత్తనివ్వండి. తెలిసిన గొంతు వినబడితే అప్పుడు తీసుకోండి. గొంతుని కూడా కంప్యూటరు అనుకరిస్తోందని 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరించింది. మనవడి గొంతుతో "డబ్బు పంపు" అని ఫోన్ రావచ్చు. దానికి మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఒక తెలుగు మాట పెట్టుకున్నాం. డబ్బు ఊసు వస్తే ముందు ఆ మాట చెప్పాలి. మీరూ ఒకటి పెట్టుకోండి. పలకడం కష్టమైన మాట అయితే ఇంకా మంచిది, ప్రాక్టీసు కూడా అవుతుంది.

"నెలనెలా డబ్బు దండగ" అనేది మూడో మాట. ఇంటర్నెట్‌తో కలిపి తీసుకుంటే మరీ అంత అవదు. ఎవరికి ఎంత వీలవుతుందో వాళ్లకే తెలుసు, అందులో నేను వాదించను.

ఇప్పుడు గుడి సంగతి.

మా ఆఫీసు మెషీన్‌లో పొద్దున్నే మెసేజ్‌లు వింటాను. సగం ఇంగ్లీషులో ఉంటాయి. గుడి ఎన్నింటికి తెరుస్తారు, కారు పూజకి ఎంత, అలాంటివి. వాటికి ఫారం చాలు, ఒప్పుకుంటాను. మిగతా సగం తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, గుజరాతీ. తెలుగువి నేను చూస్తాను. "పంతులుగారు ఉన్నరా అమ్మా, రేపు మంచిగుందా దినం?" అని తెలంగాణ పెద్దాయన. "మా కోడలికి నెలలు నిండినాయి, ఏమైనా పూజ చేయించాల్నా?" అని రాయలసీమ ఆవిడ. వీళ్లలో చాలామంది పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్నవాళ్లు. కారు నడపరు. ఇంగ్లీషు ఫారం నింపరు. కొడుకునో కోడలినో అడగాలంటే వాళ్లు ఆఫీసు మీటింగుల్లో ఉంటారు. గుడికి ఫోన్ చేయడం ఒక్కటే ఈ దేశంలో వాళ్లు ఎవరినీ అడగకుండా చేసుకోగలిగిన పని.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది తిథి గురించి. ఒక పెద్దావిడ మెసేజ్ అనుకోండి. "నాయనా, మా ఆయన తద్దినం బహుళ పంచమి. ఇక్కడ ఏ రోజు వస్తుందో చెప్పండి. ఇండియాలో చెప్పిన రోజే చేయాలా?" దీనికి జవాబు ఉంది. తిథి సూర్యచంద్రుల మధ్య ఎంత దూరం ఉందన్నదాన్ని బట్టి వస్తుంది, ప్రపంచమంతా ఒకే క్షణంలో మారుతుంది. కానీ మన గడియారం వెనకాల ఉంది కాబట్టి చాలాసార్లు ఇక్కడ ముందు రోజే వచ్చేస్తుంది. ఈ ఊరి పంచాంగం చూసి పంతులుగారు చెప్తారు, నేను తిరిగి ఫోన్ చేసి చెప్తాను. రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల్లో ఆవిడ తన భర్త గురించి నాలుగు మాటలు చెప్తుంది. వాటి కోసం ఫారంలో ఏ పెట్టె పెడతారు? "సేవను ఎంచుకోండి" అంటే ఆవిడ ఏది ఎంచుకుంటుంది?

ఊరికే కాదనడం నాకు ఇష్టం లేదు. అందుకే కమిటీకి నేను మూడు విషయాలు అడుగుతున్నాను.

మొదటిది, ఫారం పెట్టండి, ఫోన్ కూడా ఉంచండి. ఇంగ్లీషువాళ్లు ఫారానికి వెళ్తే ఫోన్ భారం సగం తగ్గుతుంది.

రెండోది, మెషీన్‌లో పలకరింపు ఇంగ్లీషుతో ఆపకండి. తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ ఒక్కో వాక్యం చాలు. తెలుగులో అయితే ఇలా: "నమస్కారం. ఇప్పుడు ఫోన్ ఎత్తలేకపోతున్నాం. బీప్ వినబడ్డాక మీ పేరు, నంబరు, విషయం నిదానంగా చెప్పండి. మేమే మళ్లీ ఫోన్ చేస్తాం." ఆ "నిదానంగా" అన్న మాట మరిచిపోవద్దు. పెద్దవాళ్లు బీప్ వినగానే కంగారు పడతారు.

మూడోది, ఆదివారం తెలుగు బడిలో పెద్ద పిల్లలకి ఈ పని నేర్పండి. హైస్కూలు పిల్లలు ఇద్దరు, పక్కన ఒక పెద్దవాళ్లు. గుడి వేళలు, పూజల వివరాలు అడిగే మెసేజ్‌లు వాళ్లు విని, తెలుగులో పుస్తకంలో రాసి, తిరిగి ఫోన్ చేసి చెప్పాలి. ఒంట్లో బాగోలేకపోవడం, ఇంటి కష్టాలు, చావు కబుర్లు మాత్రం పెద్దవాళ్లే వినాలి. అవి పిల్లల పాఠానికి కావు. ఈ పనికి వాలంటీరు గంటలు రాసివ్వండి, కాలేజీకి పనికొస్తాయి. పిల్లలు వస్తారా అని అనుమానపడకండి. "బాగా చెప్పావమ్మా, ఎవరమ్మాయివి?" అని ఒక్క తాతగారు అడిగితే చాలు, వచ్చే ఆదివారం మనం పిలవక్కర్లేదు.

ఇళ్లల్లో పెట్టుకునేవాళ్లకి కొన్ని చిన్న సంగతులు. పలకరింపులో "ఇంట్లో లేము" అని పెట్టకండి. దొంగలకి చెప్పినట్టూ ఉంటుంది, వినడానికీ బాగోదు. హ్యాండ్‌సెట్ గంటలోపే చార్జి అయిపోతుంటే ఫోన్ పారేయకండి, లోపలి బ్యాటరీలు మార్చండి. చాలావాటిలో మామూలు ట్రిపుల్ ఏ సైజువే, మళ్లీ చార్జి అయ్యే రకం. కరెంటు పోతే కార్డ్‌లెస్ పనిచేయదు, ఎందుకంటే దాని బేస్‌కి కరెంటు కావాలి. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో పనిచేసింది కింద బేస్‌మెంట్లో ఉన్న తీగ ఫోన్ ఒక్కటే. రాగి తీగ లైనుకి ఎక్స్చేంజి నుంచే కరెంటు వచ్చేది. ఇప్పటి ఫైబర్, కేబుల్ లైన్లకి అది లేదు. బ్యాటరీ బ్యాకప్ అడిగి పెట్టించుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. మీ ఇంట్లో పాత మెషీన్ ఉంటే, అందులో పెద్దవాళ్ల గొంతు ఉంటే, ఈ వారమే కాపీ చేయండి. పాత డిజిటల్ మెషీన్లు కొన్నిటిలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయి ఉండగా ప్లగ్ తీస్తే మెసేజ్‌లు పోతాయి. కాబట్టి జరపకుండా, ఉన్నచోటే ఉంచి, సెల్‌ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి స్పీకర్ పక్కన ఉంచి ప్లే నొక్కండి. ఏ వైర్లూ అక్కర్లేదు. మా అత్తగారి చిన్న క్యాసెట్ నేను అలాగే ఎక్కించాను. "పిల్లలు తిన్నారా? సరే, ఉంటా" అని ఆవిడ అన్నది ఇప్పుడు మా మనవరాలు కూడా వింటుంది.

కమిటీ మీటింగు వచ్చే నెల రెండో శనివారం. మీ ఊళ్లో గుడి వేరే అయినా, అక్కడ కూడా ఇదే చర్చ వస్తుంది, చూస్తూ ఉండండి. ఆ రోజు మీరు వెళ్లి తెలుగులో రెండు వాక్యాలు చెప్పండి. తప్పులు వచ్చినా పరవాలేదు. "ఫోన్ ఉంచండి. మేము ఎత్తుతాం." ఇంతే చాలు. రెండో వాక్యం మాత్రం నిజంగా అనుకుంటేనే చెప్పండి.

ఉంటానండీ.